ఉతకొద్దు

గినీ పందుల్ని కొనుక్కొచ్చింది నేనే. నన్నెవరూ అడగలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఆ తర్వాత ఏం జరిగినా మా ఇంట్లో నన్నే అంటారు ఎలాగూ.

నా పేరు ఫణీంద్ర. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో డేటాబేస్ పాఠాలు చెప్తాను. కాలేజీల వాళ్ళు ఏళ్ళ తరబడి నాన్చేదాన్ని మేం రెండు నెలల్లో తేల్చేస్తాం. అమీర్‌పేట అంటేనే అది. నిదానం నా ఒంటికి పడదు. మురికి అంతకన్నా పడదు. కడిగిన గ్లాసునైనా నీళ్ళు తాగబోయే ముందు మళ్ళీ ఒకసారి తొలుచుకుంటాను. తెనాలిలో మా అమ్మ, "వీణ్ణి చేసుకునే పిల్ల చీపురు పట్టక్కర్లేదురా" అని నవ్వేది. ఆ పిల్ల దొరికేసరికి నాకు నలభై దాటింది.

పోయిన వేసవిలో చంద్రికను పెళ్ళి చేసుకున్నాను. చంద్రిక పంజాగుట్టలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. ఆమెకిది రెండో పెళ్ళి. మొదటి భర్త రాఘవేందర్ జబ్బు చేసి పోయేనాటికి వాళ్ళ పాప యశస్వినికి ఇంకా మాటలు కూడా రాలేదు. ఆ పిల్లకిప్పుడు తొమ్మిదేళ్ళు. ఎర్రమంజిల్ గవర్నమెంటు క్వార్టర్స్‌లో అమ్మమ్మ మంగవ్వ, తాత రాజనర్సయ్యల దగ్గర పెరిగింది. పెళ్ళయ్యాక చంద్రిక నా ఫ్లాటుకు వచ్చింది. పిల్ల రాలేదు.

రానని ఏడవలేదు, అలగలేదు. "నేను అమ్మమ్మ కాడ్నే ఉంట" అంది, అంతే. చంద్రిక రోజూ ఆఫీసు అవగానే ఎర్రమంజిల్ వెళ్ళి, పిల్ల చేత హోంవర్కు చేయించి, అన్నం తినిపించి, అప్పుడు ఇంటికొచ్చేది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త తండ్రి కూడా ఎరగడు. ఒక గది మొత్తం ఆ పిల్ల కోసం తయారుచేశాను. కొత్త మంచం, కొత్త పరుపు, నక్షత్రాల కర్టెన్లు. దుప్పట్లు గులాబీ వాసనొచ్చే లిక్విడ్‌లో రెండుసార్లు జాడించాను. నేల ఫినాయిలుతో తుడిచి, దాని మీద మళ్ళీ మంచినీళ్ళతో తుడిచాను. ఆసుపత్రిలో కూడా అంత శుభ్రం ఉండదు.

శనివారం సాయంత్రాలు వచ్చేది యశస్విని. నన్ను "సార్" అనేది. మా సందులో టిఫిన్ బండి అతని నుంచి జిరాక్స్ అమ్మాయి దాకా అందరూ నన్ను సార్ అనే పిలుస్తారు, కాబట్టి పిల్లననడానికేం లేదు. అన్నం బాగానే తినేది. టీవీ చూసేది. పడుకోమంటే బుద్ధిగా పడుకునేది. కాసేపయ్యాక చూస్తే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉండేది.

"సార్, ఇంటికి పోదామా?"

ఆ 'ఇంటికి' అన్న మాట నాకు గుచ్చుకునేది. స్కూటర్ మీద పంజాగుట్ట చౌరస్తా దాటించి, అమ్మమ్మ గుమ్మంలో దించి వచ్చేవాణ్ణి. దారంతా నా చొక్కా పట్టుకునేది కాదు, సీటు వెనక కడ్డీ పట్టుకునేది.

చివరికి ఒకరోజు చంద్రిక ఉన్నమాట చెప్పేసింది.

"దసరా సెలవుల దాంక చూద్దాం. అప్పటికి సుత పిల్ల ఈడ పండుకోకపోతే నేనే ఆడికి పోయి ఉంట. మీ మీద కోపం కాదు. మీరు మంచోళ్ళే. కానీ రోజూ దాన్ని ఇడిచిపెట్టి వచ్చుడు నాతోని అయితలేదు."

ఆమె తప్పేమీ లేదు, పిల్ల తప్పసలే లేదు. నా సంసారం మొత్తం ఒక తొమ్మిదేళ్ళ పిల్ల నిద్ర మీద నిలబడి ఉంది, అంతే. భయమేసింది. భయమేస్తే నేను ఊరుకోను, ఏదో ఒకటి కొంటాను. ఆ మర్నాడే రెండు గినీ పందుల్ని కొన్నాను.

ఎలుకకు పెద్దగా, కుందేలుకు చిన్నగా ఉంటాయవి. తోక ఉండదు. ఒక్కటే ఉంటే దిగులుపడి తిండి మానేస్తుందని షాపువాడు రెండిచ్చాడు. యశస్విని వాటిని చూసి మొదటిసారి మా ఇంట్లో నవ్వింది. తెల్లమచ్చలదానికి సకినం అనీ, గోధుమరంగుదానికి గారె అనీ పేర్లు పెట్టింది. నా గుండె ఇంత లావైంది. ఆ సాయంత్రం చీకటి పడగానే మళ్ళీ చెప్పులేసుకుంది.

"వీటికి జర నీళ్ళు పెట్టు సార్" అని చెప్పి మరీ వెళ్ళింది.

అలా ఆ రెండూ నా నెత్తినపడ్డాయి. పొద్దున్నే లేచి పంజరం కడగడం, ఎండుగడ్డి మార్చడం, క్యాప్సికమ్ ముక్కలు కోయడం. చిన్న అట్టపెట్టెలో నా పాత తువ్వాలు మడిచి పెడితే అదే వాటి పడక అయింది. మొదట్లో నేనొస్తే దాక్కునేవి. రానురాను నా అడుగు చప్పుడుకే వీక్ వీక్‌మని అరిచేవి. నా చిరాకు మొహానికి అంత సంబరంగా ఎదురొచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. అదొక సుఖం, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఒక ఆదివారం ముగ్గురం వాటిని పశువుల డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ పళ్ళు చూసింది, పొట్ట తడిమింది.

"షాపులో గింజల మేత మీద పెరిగాయి. పచ్చగడ్డి తింటే పళ్ళు అరుగుతాయి, ఒంటికి మంచిది. కానీ ఒక్కసారిగా పెట్టకండి. పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది" అంది.

యశస్విని ముందుకు జరిగింది. "మరెట్ల పెట్టాలె?"

నేను కట్టిన ఫీజుకు ఆ పిల్ల పాఠం మొత్తం రాబట్టింది. మొదట చిటికెడు గరిక ఇంట్లోనే పెట్టాలి. ఏమీ కాకపోతే మెల్లగా పెంచాలి. రోడ్డు పక్క గడ్డి వద్దు, మందు కొట్టిన గడ్డి వద్దు, మిషన్‌తో కోసిన గడ్డి వద్దు. అలవాటయ్యాక అప్పుడు బయటికి తీసుకెళ్ళొచ్చు. అదీ ఎండలో కాదు. ముందు ఎండుగడ్డి తినిపించి తీసుకెళ్ళాలి. కుక్కలు, పిల్లులు, పైన గద్దలు ఉంటాయి, మనిషి పక్కనే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, వాటిని మోసుకెళ్ళే బుట్టను గడ్డి మీద పెట్టి తలుపు తెరిచి వదిలెయ్యాలి.

"అవంతట అవే బయటికి రావాలి. మీరు తియ్యకూడదు. భయమేస్తే మళ్ళీ లోపలికి పరిగెత్తడానికి ఆ బుట్ట అక్కడే ఉండాలి. బుట్టలో వాటి పాత పడక గుడ్డే వెయ్యండి, కొత్తది వద్దు" అంది డాక్టరమ్మ.

అమీర్‌పేటలో దొరకని వస్తువు లేదని మేమంతా గొప్పలు చెప్పుకుంటాం. మందు కొట్టని గరిక మాత్రం దొరకలేదు. మా సందులో పచ్చగా ఉండేవి హాస్టల్ బోర్డులొక్కటే. ఎర్రమంజిల్ క్వార్టర్స్ వెనక మాత్రం వానలకు గడ్డి మోకాలెత్తున లేచి ఉంది. అక్కడ ఏ మందూ కొట్టలేదని రాజనర్సయ్య మామయ్యను పిల్లే అడిగి తేల్చుకుంది. ఆ రోజు నుంచి చంద్రిక టిఫిన్ డబ్బాలో గరిక రావడం మొదలైంది. పిల్ల స్వయంగా కోసి, మట్టి దులిపి పంపేది. మొదట చిటికెడు. తర్వాత రెండు వేళ్ళకు పట్టేంత. రాత్రి ఫోన్ చేసి కనుక్కునేది.

"మొత్తం ఒక్కపాలి పెట్టలే గద సార్?"

"లేదమ్మా."

"పొట్ట తడిమి చూసినవా?"

"చూశాను."

"మెత్తగుందా?"

"మెత్తగానే ఉంది."

మా కోచింగ్ సెంటర్ ఓనరు కూడా నన్నిలా అడగడు. ఒకసారి మంగవ్వ అత్తయ్య, "పాపం గా పందికొక్కులు ఆకలిగున్నయేమో" అని పెద్ద మోపెడు కట్టి పంపింది. అంతా పెట్టేస్తే సిలబస్ ఒక్కరోజులో అయిపోతుంది కదా అని నా చేతులు దురద పెట్టిన మాట నిజం. కానీ రాత్రి పిల్ల ఫోన్ చేసి అడుగుతుందని గుర్తొచ్చి పిడికెడే పెట్టాను.

శ్రావణమాసం చివర్లో వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం, వాటిని గడ్డి మీదికి తీసుకెళ్ళడం ఖాయమైంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారే, నేను అత్తారింటికి గినీ పందుల్ని మోసుకెళ్ళాలి. ఆ మోసుకెళ్ళే బుట్టలోంచి కంపు కొడితే నా పరువేంటి? అందుకని ముందురోజు బుట్టను సబ్బుతో తోమాను. వాటి పాత తువ్వాలును డెటాల్‌లో నానబెట్టి, మిషన్‌లో తిప్పి, గులాబీ లిక్విడ్‌లో జాడించి, ఇస్త్రీ కూడా చేశాను. డాక్టరమ్మ కొత్త గుడ్డ వద్దంది. నేను కొత్తది వెయ్యలేదుగా, పాతదాన్నే కొత్తదానిలా చేశాను. చాలా తెలివైన పని చేసినట్టే అనిపించింది.

క్వార్టర్స్ వెనక రాజనర్సయ్య మామయ్య పాత కూలర్ జాలీలు నిలబెట్టి చిన్న దడి కట్టి ఉంచాడు. కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, గద్దల కోసం ఆకాశం వైపు చూస్తున్నాడు. మామయ్య మాటలు తక్కువ మనిషి. మంగవ్వ అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"గీ పందికొక్కులకు గింత మర్యాదేంది అల్లుడా. మా పెండ్లిల సుత మాకు గింత చెయ్యలే."

బుట్టను నీడలో గడ్డి మీద పెట్టాం. యశస్విని తలుపు తెరిచింది. అందరం చూస్తూ నిలబడ్డాం. ఏమీ రాలేదు. వంగి చూస్తే రెండూ ఒక మూలకు నక్కి, ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి. తువ్వాలును అంటకుండా, దానికి దూరంగా నక్కాయి.

"ఆగాలె. వాటంతల అవే వస్తయ్" అంది పిల్ల.

ఆగాం. ఆగడం నాకు చేతకాని పని. చంద్రిక గ్లాసుల్లో టీ తెచ్చింది. టీ అయిపోయింది. ఇంకా రాలేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు. "కొంచెం సాయం చేద్దాం" అని బుట్ట వెనక భాగం పట్టుకుని ఇలా ఎత్తాను.

సకినం జారి గడ్డిలో పడి, రాయిలా బిగుసుకుపోయింది. గారె మాత్రం దూకింది. గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, జాలీలు కలిసేచోట సందు చూసుకుని, అందులోంచి దూరి పరుగు తీసింది. గోడ పక్కన ఎవరో పడేసిన పాత ఇనుప బీరువా ఇటుకల మీద వెల్లకిలా ఉంది. దాని కిందికి దూరిపోయింది. గోడ మీదున్న పిల్లి లేచి నిలబడింది. మామయ్య కర్ర తీసుకుని పిల్లి మీదికి పోయాడు.

యశస్విని బీరువా పక్కన తడి నేల మీద బోర్లా పడుకుని కిందికి చూసింది. "గారే, గారే" అని పిలిచింది. లోపల్నుంచి చప్పుడు లేదు. క్యాప్సికమ్ ముక్క పెట్టింది. రాలేదు. బీరువా ఎత్తుదామంటే అది కదిలితే కిందున్నది నలిగిపోతుంది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఏడవలేదు. లేచి కూచుంది.

"సార్, వాటి తువాలియ్యి. వాసన చూస్తే వస్తది."

తెచ్చిచ్చాను. తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆగిపోయింది.

"ఉతికినవా?"

"శుభ్రంగా ఉండాలని..."

పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ ఇస్త్రీ మడతల వైపు చూస్తూ చిన్నగా అంది.

"గది వాటి ఇల్లు సార్. ఇల్లు మొత్తం కడిగేసినవ్."

కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడ్డాను. పిల్ల ఆలోచిస్తోంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పొద్దున పంజరం కడిగేటప్పుడు ఏం అంగీ తొడుక్కున్నవ్?"

"అంగీ ఏం లేదు. బనీనే."

"ఆ బనీను ఏడుంది?"

"ఇదే. హడావుడిలో మార్చలేదు, లోపలుంది."

"ఇయ్యి."

అత్తగారి ముందు, మామగారి ముందు, పై వాటాల కిటికీల్లోంచి చూస్తున్న క్వార్టర్స్ జనం ముందు, నేను చొక్కా విప్పి, చెమటతో తడిసిన బనీను విప్పి ఇచ్చాను. మడత పడ్డ దుస్తులేసుకుని గుమ్మం దాటని మనిషిని. మంగవ్వ అత్తయ్య మర్యాదగా అటు తిరిగింది. భుజాలు కదులుతుంటే నవ్వుతోందని తెలిసింది.

యశస్విని బనీనును బీరువా అంచు దగ్గర పరిచి, నా చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూచోబెట్టింది. "మాట్లాడు. రోజూ వాటితోని ఏమంటవో గదే అను."

రోజూ ఏమంటానో అంతమంది ముందు ఎలా చెప్పను? అయినా చెప్పాను. "ఏంట్రా బంగారం, ఆకలేస్తోందా, వచ్చేశా, వచ్చేశా." చంద్రిక నన్ను వింతగా చూసింది.

కొంతసేపటికి బీరువా కింద చీకట్లో ముక్కు కదిలింది. తర్వాత మీసాలు. గారె మెల్లగా వచ్చి, బనీనును వాసన చూసి, దాని మీదెక్కి, మడతలోకి తల దూర్చి కూచుంది. వీక్‌మని ఒకసారి అంది. నా కళ్ళు చెమ్మగిల్లాయి. నా చెమట వాసన ఒక ప్రాణికి ఇల్లని నాకు అప్పటిదాకా తెలీదు.

యశస్విని దాన్ని బనీనుతో సహా ఎత్తి బుట్టలో పెట్టింది. సకినాన్ని కూడా అందులోకి చేర్చింది. మామయ్య జాలీల సందు తాడుతో కట్టాడు. ఈసారి నేను బుట్టకు దూరంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. చాలాసేపటికి సకినం తల బయట పెట్టింది. ఒక గరిక పోచ కొరికింది. వెంటనే లోపలికి పరుగు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త దూరం వెళ్ళింది. గారె దాని వెనకే. చివరికి రెండూ పొయ్యి మీద పేలాల్లా గడ్డిలో ఎగిరెగిరి పడ్డాయి.

"గిప్పుడు మస్తు ఖుషైనయ్" అంది పిల్ల. "ఇగ చాలు. ఇయ్యాల మొదటిరోజు గద."

ఆ రాత్రి పిల్ల మళ్ళీ ఎర్రమంజిల్‌లోనే ఉండిపోయింది. నేను ఫ్లాటుకొచ్చి ఆమె గది తలుపు తీశాను. ఫినాయిలు, గులాబీలు, కొత్త పరుపు ప్లాస్టిక్ వాసన. ఆ గదిలో ఆ పిల్లకు తెలిసిన వాసన ఒక్కటీ లేదు.

మంగళవారం బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఎర్రమంజిల్ వెళ్ళాను. అత్తయ్య ఒక్కతే వరండాలో చిక్కుడుకాయలు తుంచుతోంది. యశస్విని చిన్నప్పట్నుంచీ కప్పుకునే బొంత నాకివ్వమని అడిగాను.

"బొంతనా? మీ ఇంట్ల మెత్తటి పరుపుండె గద అల్లుడా."

"పరుపుంది అత్తయ్యగారూ. మీ వాసన లేదు."

ఆమె చేతులు ఆగాయి. లేచి లోపలికెళ్ళి బొంత తెచ్చి ఒళ్ళో వేసుకుంది. పాత నూలు చీరలన్నీ కలిపి కుట్టింది. కొబ్బరినూనె, పసుపు, వంటింటి పొగ, అన్నీ కలిసిన వాసనేస్తోంది. ఒక మూల గళ్ళ గుడ్డ ముక్క ఉంది. నేను దానివైపు చూడ్డం ఆమె చూసింది.

"గిది రాఘవేందర్ అంగీది. ఊడదియ్యాల్నా?"

"వద్దండీ. ఉండనివ్వండి."

అత్తయ్య ఆ ముక్కను బొటనవేలితో రాసింది.

"పుట్టినకాడికెల్లి గా పిల్ల నా పక్కపొంటే పండుకుంటది. గీ బొంత ఇచ్చిన్నంటే పిల్లను ఇచ్చినట్టే గద. మల్ల నాకేముంటది, చెప్పు."

మాట్లాడ్డమే నా ఉద్యోగం. అయినా తెలిసినదొక్కటే చెప్పాను.

"డాక్టరమ్మ బుట్ట తలుపు మూయొద్దంది కదండీ. భయమేస్తే వెనక్కి పోవడానికి. ఆ పిల్లకు ఈ ఇంటి తలుపు నేను మూయను. ఎప్పుడు పోదామన్నా తీసుకొస్తాను. ఇప్పటిదాకా తెచ్చినట్టే."

అత్తయ్య లేచి చాయ్ పెట్టిచ్చింది. తాగి వచ్చేశాను.

శనివారం సాయంత్రం అత్తయ్య మనవరాలితో కలిసి ఆటో దిగింది. మా ఇంటికి ఆమె రావడం అదే మొదలు. చంకలో మూట ఉంది. విప్పితే బొంత చిన్నదై ఉంది. మధ్యకు కోసి, అంచులు మళ్ళీ కుట్టి, ఒక బొంతను రెండు చేసింది.

"సగం ఆడ, సగం ఈడ" అంది. సూది గుచ్చుకున్న వేళ్ళు కొంగులో దాచుకుంటూ. "గా గళ్ళ ముక్క దీంట్లకే వచ్చింది అల్లుడా. నేను కావాలని చెయ్యలే."

కావాలనే చేసిందని నాకు తెలుసు. అది తండ్రి గుడ్డ, పిల్ల ఎక్కడుంటే అక్కడే ఉండాలి. తల ఊపాను.

ఆమె వెళ్ళాక చంద్రిక బొంత ఎత్తి, దానికంటిన నూనె మరకలు చూసి, నా సంగతి తెలిసినదే కాబట్టి నేరుగా వాషింగ్ మిషన్ వైపు నడిచింది.

"ఉతకొద్దు" అన్నాను. గట్టిగానే వచ్చింది మాట. ఆమె చేతిలోంచి లాక్కున్నాను కూడా.

చంద్రిక నా మొహం చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి, గోడకానుకుని, కళ్ళు తుడుచుకుంది. నేను బొంతను తీసుకెళ్ళి కొత్త దుప్పటి మీద, గళ్ళ ముక్క పైకి వచ్చేలా పరిచాను. యశస్విని తలుపు దగ్గర్నుంచి అంతా చూసింది.

తెల్లారి లేచి చూస్తే చెప్పులు విప్పినచోటే ఉన్నాయి. పిల్ల బొంతలో మొహం దాచుకుని నిద్రపోతోంది. చంద్రిక ఆ గది గుమ్మంలో కింద కూచుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. నేనూ పక్కన కూచున్నాను. లోపల సకినం, గారె ఆకలని గోల పెడుతున్నా కాసేపటిదాకా ఎవరం లేవలేదు.

అలాగని అన్నీ ఒక్కరోజులో అయిపోలేదు. మరుసటి శనివారం మళ్ళీ చెప్పులేసుకుంది, మళ్ళీ స్కూటర్ తీశాను. ఆ పై వారం రాత్రికి ఉండిపోయింది. ఒక బుధవారం తనంతట తనే స్కూల్ బ్యాగుతో వచ్చింది. ఆదివారాలు అందరం గడ్డి దగ్గరికి పోతూనే ఉన్నాం. బుట్టలో నా ఉతకని బనీను తప్పనిసరి. స్కూటర్ మీద కడ్డీ వదిలి నా చొక్కా ఎప్పుడు పట్టుకుందో నేను గమనించలేదు. చంద్రిక చెప్తే తెలిసింది.

దసరా సెలవులొచ్చాయి. బతుకమ్మ ఆడడానికి యశస్విని సెలవులన్నీ అమ్మమ్మ దగ్గర ఉండి వస్తానంది. చంద్రిక పెట్టిన గడువు సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప. రోజూ వానలు పడుతుండటంతో గినీ పందుల్ని ఇక్కడే ఉంచాలని నిర్ణయించాం. పిల్ల సంచి సర్దుకుంటోంది. బొంత మంచం మీదే ఉంది.

"బొంత తీసుకెళ్ళవా?" అన్నాను.

"ఆడ ఇంకో సగముంది గద. గిది ఈడిది."

సరేనని బయటికొచ్చాను. వెనకే వచ్చింది.

"సార్, నీ బనీను ఒకటియ్యి. ఉతకంది."

"ఎందుకమ్మా? సకినం, గారె ఇక్కడే ఉంటున్నాయి కదా."

"వాటికి గాదు" అంది. నా వైపు చూడలేదు, సంచి జిప్పు పట్టుకుని అటూ ఇటూ లాగుతోంది. "ఆడ నిద్ర రాకపోతే ఎట్ల మరి."

బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చూశాను. సెలవు రోజు కదా, ఉన్న బనీన్లన్నీ పొద్దున్నే బకెట్లో నానబెట్టేశాను. ఒంటి మీదున్నది ఒక్కటే మిగిలింది. అదే విప్పి ఇచ్చాను. పిల్ల దాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలో బట్టలన్నిటికీ అడుగున పెట్టుకుని జిప్పు వేసుకుంది.